షుకూర్ సగంలో వదిలిన బంపరు

తెనాలిలో కారున్న ప్రతివాళ్ళకీ అబ్దుల్ షుకూర్ ఇల్లు తెలుసు. ఇందులో పెద్ద విశేషమేమీ లేదు, ఆ రోజుల్లో ఊళ్ళో ఉన్న కార్లే కొన్ని. రైసుమిల్లుల వాళ్ళవి నాలుగైదు, డాక్టర్లవి, ప్లీడర్లవి మరో నాలుగైదు, స్టేషను దగ్గర టాక్సీలు. వాటికి సొట్ట పడినా, గీత పడినా, తుప్పు తిన్నా షుకూర్‌కే కబురొచ్చేది. అతనికి బజార్లో షెడ్డేమీ లేదు. ఇంటి వెనక పెరట్లో తాటాకు పందిరి, దాని కింద పని. సందు ఇరుకు, కారు లోపలికి రాదు. అందుకని తలుపో, మడ్గార్డో, బంపరో ఊడదీసి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకునేవాడు. పనయ్యాక మళ్ళీ భుజాన వేసుకెళ్ళి బిగించి వచ్చేవాడు.

నాగూర్‌బీ అతని భార్య. పుట్టిల్లు రేపల్లె. పద్దెనిమిదో ఏట తెనాలి వచ్చింది. పిల్లలు కలగలేదు. ఇంట్లో తను, మొగుడు, అత్త ఖైరున్నీసా, ముగ్గురే. ఆ పద్నాలుగేళ్ళ కాపురంలో వంటా వార్పూ కాక నాగూర్‌బీ చేసిన పని ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరూ పనిగా ఎంచలేదు, ఆమె కూడా ఎంచలేదు. షుకూర్ నీటికాగితంతో ఇనుము రుద్దుతుంటే పక్కన కూర్చుని చెంబుతో నీళ్ళు పోసేది. ధార సన్నగా ఉండాలి, తెగకూడదు. తెగితే కాగితం గీత పెడుతుంది. రుద్దడం ఆపి అతను కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమి చూసేవాడు, కంటికి కనిపించని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయని. ఒక్కోసారి అనుమానమొస్తే ఆమెను చూడమనేవాడు. ఆమె తడిమి, ఎత్తున్న చోట వేలు పెట్టేది. అతను మారుమాట లేకుండా అక్కడ మళ్ళీ రుద్దేవాడు. రోజంతా వాళ్ళిద్దరి మధ్య అంతకు మించి మాటలుండేవి కావు. ఉండాలని ఆమెకు తోచనూ లేదు.

1968 జనవరిలో, రంజాన్ పండగ వెళ్ళిన పదో రోజున, బాపట్ల నుంచి పూర్ణచంద్రరావుగారి ల్యాండ్‌మాస్టర్ కారు వచ్చింది. ఆయన అక్కడ మాగాణి ఉన్న పెద్ద రైతు. కారు ముందు బంపరు ఎడమ కొస లోపలికి వంగి, మూరెడు పొడుగున పైపూత లేచిపోయింది. మళ్ళీ మెరుపు పూత పెట్టించాలంటే మద్రాసు పంపాలి, నెలలు పడుతుంది, దానికన్నా మొత్తం వెండి రంగు వేసేస్తే పదేళ్ళు చూడక్కర్లేదని షుకూర్ చెప్పాడు. ఆయన సరేనన్నాడు. బంపరు లేని కారు ముందుపళ్ళు ఊడిన మనిషిలా బాపట్ల దారి పట్టింది.

షుకూర్ రెండు రోజులు ఇసకమూట మీద పెట్టి కొయ్యసుత్తితో వంపు తీశాడు. తర్వాత గరుకు కాగితం పట్టి మెరుపు చంపడం మొదలుపెట్టాడు. నిగనిగలాడేదానికి రంగు పట్టదు, ముందు దాని నిగనిగ తీసెయ్యాలని ఎప్పుడూ అనేవాడు. సగం అయింది. ఎడమ సగం బూడిద రంగులోకి తిరిగింది, కుడి సగం ఇంకా అద్దంలా ఉంది. మర్నాడు పొద్దున, రేపల్లెలో ఎవరిదో కారు తలుపు చూసి రావాలని, రాగానే మిగతాది అందుకుంటానని చెప్పి పాసింజరు ఎక్కి వెళ్ళాడు.

మధ్యాహ్నానికి ఆదాము వచ్చాడు. స్టేషను దగ్గర టాక్సీ తోలే మనిషి, షుకూర్‌కి స్నేహితుడు. గుమ్మం దగ్గర నిలబడి ఖైరున్నీసాను పిలిచి చెప్పాడు. రేపల్లె స్టేషన్లో రైలు దిగి, కాస్త ఆయాసంగా ఉందని షుకూర్ బల్ల మీద కూర్చున్నాడట. ఇంక లేవలేదట. స్టేషను వాళ్ళు ఫోను చేశారట. తాను టాక్సీ తీసుకుని వెళ్తున్నాననీ సాయంత్రానికి తీసుకొస్తాననీ అన్నాడు.

ఖైరున్నీసా ఉన్నచోటే కూలబడి పెద్దగా ఏడ్చింది. నాగూర్‌బీ లోపల నుంచి అంతా విన్నది. విని, పెరట్లోకి వెళ్ళింది. పందిరి కింద రంగులో కలిపే థిన్నరు డబ్బాకి మూత సరిగ్గా లేదు. మూత నొక్కి పెట్టి, దాని మీద ఒక ఇటుక పెట్టి, తిరిగి వచ్చి అత్త పక్కన కూర్చుంది. అప్పటికే పోగైన ఆడవాళ్ళు అది చూశారు. మొగుడు పోయాడని చెబితే డబ్బాకి మూత పెట్టిన మనిషి అని ఆ వీధిలో చాలాకాలం చెప్పుకున్నారు. మూత తీసి ఉంది, పెట్టింది.

భర్త పోయిన ముస్లిం స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకూడదు, పై మగవాళ్ళ కంట పడకూడదు, సింగారించుకోకూడదు. దాన్ని ఇద్దత్ అంటారు. నాగూర్‌బీకి అది కష్టమనిపించలేదు. తేలికనీ అనిపించలేదు. పొద్దున లేచేది, నమాజు చేసేది, అన్నం వండేది, అత్తకు పెట్టి తను తినేది. కూరలో ఉప్పు వేసిందో లేదో తెలిసేది కాదు. ఒకరోజు రెండుసార్లు పడింది. ఖైరున్నీసా మజ్జిగ కలుపుకుని తిన్నది.

ఆడవాళ్ళు వచ్చి చేతులు పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఆమె ఏడుస్తుందని కాసేపు చూసి, ఏడవకపోయేసరికి తామే కళ్ళొత్తుకుని లేచి వెళ్ళిపోయేవాళ్ళు. గుండె రాయి అని కొందరన్నారు. లోపల కుమిలిపోతోందని కొందరన్నారు. రెండూ నిజం కాదు. ఒకటి రెండుసార్లు తనే పనిగట్టుకుని అతని మొహం గుర్తు తెచ్చుకోబోయింది. మొహం రాలేదు. పైజామా మోకాలి దగ్గర ఎండిపోయిన పచ్చరంగు చుక్కలు కనిపించాయి. అవి ఏ కారువో కూడా గుర్తుంది. కంట్లో చుక్క నీరు రాలేదు. ఒళ్ళు తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియదు చూడండి, మనసంతా అలా ఉంది. నొప్పి కూడా తనది కానట్టుంది.

నలభయ్యో రోజు అతని పేర ఫాతిహా చదివించారు. అది అయిన నాలుగు రోజులకి పూర్ణచంద్రరావుగారి కారు సందు మొదట్లో ఆగింది. ఆయన కారులోనే ఉండిపోయి భార్యను పంపాడు. ఆవిడ పేరు మాణిక్యమ్మ, ముప్పై అయిదేళ్ళుంటాయి. చాప మీద కూర్చుని, కాసేపు కొంగు నలిపింది. చివరికి బంపరు సంగతి ఎత్తింది. ఎలా ఉంటే అలా తీసుకుపోతామని, ఇంత కష్టంలో దీని గురించి అడగడానికే మొహం చెల్లట్లేదని అన్నది.

నాగూర్‌బీ ఆవిణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళింది. నలభై నాలుగు రోజుల తర్వాత ఆమె పందిరి కిందికి రావడం అదే. రెండు ఇటుకల మీద బంపరు అలాగే ఉంది. షుకూర్ రుద్దిన సగం మంచుకి తడిసి, ఒంటి మీద పేత పేలినట్టు ఎర్రగా తుప్పు లేచింది. రెండో సగం మీద ఎండ పడి కళ్ళలో కొడుతోంది.

మాణిక్యమ్మ వంగి ఎడమ కొసను ముట్టుకుంది.

"దీన్ని గీసింది ఆయన కాదమ్మా, నేను. తోలడం నేర్చుకుంటున్నా. గేటు స్తంభం ఎదురుగా కనిపిస్తూనే ఉంది, కాలు బ్రేకు మీదికి రాలేదు. మా అత్తగారికి తెలియకూడదని ఆయనే తగిలించానని చెప్పారు."

నాగూర్‌బీ తుప్పు మీద గోటితో గీకి చూసింది. కింద ఇనుము ఇంకా గట్టిగానే ఉంది.

"ఇలా తీసుకెళ్తే వానాకాలానికి తినేస్తుందండి," అన్నది.

"మరి ఎవరు చేస్తారమ్మా ఇప్పుడు?"

"పదిహేను రోజులాగండి."

ఎవరు చేస్తారో చెప్పలేదు. మాణిక్యమ్మ రెట్టించి అడగలేదు. ఆవిడ వెళ్ళాక ఖైరున్నీసా అడిగింది, ఎవరు చేస్తారని చెప్పావని. ఎవరనీ చెప్పలేదంది నాగూర్‌బీ. అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. నలభై రోజుల్లో ఎవరికైనా ఏదైనా చేస్తానని చెప్పడం అదే మొదలు.

మర్నాడు వంటయ్యాక పీట వేసుకుని బంపరు ముందు కూర్చుంది. ముందు తుప్పంతా తీగబ్రష్షుతో రాల్చింది. తర్వాత గరుకు కాగితం పట్టి మెరుస్తున్న సగాన్ని రుద్దడం మొదలుపెట్టింది. ఎన్నో ఏళ్ళు చూసిన పనే అయినా చెయ్యి దాన్ని ఎరగదు. షుకూర్ పూటలో చేసేది ఆమెకు మూడు రోజులు పట్టింది. వేళ్ళ చివర్లు లేచిపోయాయి. గుడ్డ చుట్టుకుని రుద్దింది. మంట తెలుస్తూనే ఉంది కానీ ఆపాలనిపించలేదు. నాలుగో రోజుకి బంపరంతా ఒకే బూడిద రంగుకొచ్చింది.

అడుగుపూతగా ఎర్ర ప్రైమరు పూసిన రోజున చిన్న గొడవైంది. పెరట్లోంచి లోపలికి వచ్చిన కోడలి చేతులు మణికట్టు దాకా ఎర్రగా ఉండటం చూసి ఖైరున్నీసా నిలువునా బిగుసుకుపోయింది. ఇద్దత్‌లో ఉన్న ఆడది గోరింటాకు పెట్టుకుందనుకుంది.

"ఆ చేతులేంటి నాగూర్‌బీ?"

"రంగు అత్తా. రావట్లేదు."

ముసలామె ఆ చేతుల్ని పట్టుకుని వాసన చూసింది. కొడుకు పద్నాలుగో ఏట పనిలో చేరినప్పటి నుంచీ ఆమె ఎరిగిన వాసన. కిరసనాయిలు గుడ్డ తెచ్చి, కింద కూర్చుని, ఒక్కొక్క వేలూ తుడిచింది. తుడుస్తూ ఏడ్చింది. నాగూర్‌బీ చేతులు చాచి అలాగే కూర్చుంది. గోళ్ళ సందుల్లో ఎరుపు మాత్రం పోలేదు. అయిదారు రోజుల్లో బక్రీదు వచ్చింది. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆ గోళ్ళ వంక చూసి మొహమొహాలు చూసుకున్నారు. ఖైరున్నీసా వాళ్ళు అడగకముందే చెప్పింది, అది మావాడి పని రంగు అని.

గీసుకుపోయిన చోట సన్నటి గుంతలు మిగిలాయి. వాటికి పుట్టీ పెట్టాలి. తొందరగా తేలుతుందని నాగూర్‌బీ ఒకేసారి మందంగా పెట్టింది. రెండో రోజుకి అది ఎండిన చేనులా నెర్రెలు విచ్చింది. మొత్తం గీకి పారేసి, ఈసారి కాగితమంత పల్చగా ఒక పూత, ఆరాక ఇంకో పూత, అలా అయిదు పెట్టింది. ఆరినాక నీటికాగితంతో రుద్దాలి. ఒక చేత్తో రుద్దుతూ ఇంకో చేత్తో నీళ్ళు పోసుకోబోతే ధార తెగిపోతోంది. కాసేపు చూసి ఖైరున్నీసా వచ్చి, గోడ పట్టుకుని మెల్లగా కూర్చుని, చెంబు అందుకుంది. ముసలి చేతికి ధార నిలిచేది కాదు. నీళ్ళు కాసిని బంపరు మీద, కాసిని కోడలి చీర మీద పడేవి. రుద్దడం అయ్యాక నాగూర్‌బీ కళ్ళు మూసుకుని అరచెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకి నడిపించింది. ఎక్కడా తగల్లేదు.

ఇక రంగు. దానికి షుకూర్ ఒక ఏర్పాటు చేసుకున్నాడు. పాత లారీ చక్రంలోకి కాలిపంపుతో గాలి నింపి, ఆ గాలితో రంగు చిమ్మే గన్ను నడిపించేవాడు. వెండి రంగు డబ్బా అతను తెచ్చి పెట్టిందే ఉంది. అత్తాకోడళ్ళు వంతులేసుకుని చక్రంలో గాలి నింపారు. ఎండ ముదరకముందే అయిపోతుందని నాగూర్‌బీ పొద్దున్నే మొదలుపెట్టింది. రంగు పడిన కాసేపటికే పాలమీగడ తేలినట్టు తెల్లటి మసక కమ్ముకుంది. ఆమె గన్ను పట్టుకుని నిలబడి దాన్ని చూసింది. అప్పుడు గుర్తొచ్చింది, మంచు ఆరిందాకా షుకూర్ గన్ను ముట్టుకునేవాడు కాదని. పొద్దున పూట ఊరికే కూర్చుని టీ తాగుతున్నాడని తను విసుక్కునేది. అతను కూర్చున్నది అందుకేనని ఇప్పుడు తెలిసింది. తెలిసి బాధపడిందా అంటే, లేదు. సరే, రేపు పదింటికి వెయ్యాలి అనుకుంది. మసకంతా రుద్ది తీసేసింది. మర్నాడు పదింటికి వేసింది. ఈసారి నిలిచింది.

అన్నమాట ప్రకారం పదిహేనో రోజున మాణిక్యమ్మ వచ్చింది. బంపరు వెండిపళ్ళెంలా ఉందని మెచ్చుకుంది. నాగూర్‌బీ అడుగు అంచు చూపించి, అక్కడ రంగు ఒక చుక్క జారిందని, కారుకి బిగిస్తే కనపడదు గానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదండీ అంది. మాణిక్యమ్మ ఆమె గోళ్ళ వంక చూసింది. అప్పటికి గానీ ఎవరు చేశారో ఆవిడకి అర్థం కాలేదు. నాగూర్‌బీ చెయ్యి ఒకసారి నొక్కి వదిలింది. ఆదాము వచ్చి బంపరు మోసుకెళ్ళి బిగించాడు. కారు వెళ్ళిపోయిన చప్పుడు లోపలికి వినిపించింది. నాగూర్‌బీకి సంతోషమనిపించలేదు. పందిరి కింద ఖాళీగా ఉన్న రెండు ఇటుకలు చూస్తే మాత్రం ఏదో వెలితిగా అనిపించింది. రెండు నెలల్లో ఆమెకు ఏదైనా అనిపించడమంటే అదే.

ఆ కబురు ఎలా పాకిందో గానీ, నెల తిరక్కముందే ఆదాము తన టాక్సీ బంపరే తెచ్చి గుమ్మంలో పెట్టాడు. దాని వెనకే ఒక ప్లీడరుగారిది వచ్చింది.

మే నెల చివర ఇద్దత్ ముగిసింది. రెండు రోజులకి రేపల్లె నుంచి తమ్ముడు మస్తాన్ వలి వచ్చాడు. అక్కను ఇంటికి తీసుకుపోదామనే వచ్చాడు. అందరూ అనుకున్నదీ అదే. ముసలామెకు పేరాలలో కూతురుంది, మగ్గాల ఇల్లు, అక్కడికి వెళ్ళిపోవచ్చు. భోంచేశాక పెట్టె సర్దుకోమన్నాడు.

"రెండు బంపర్లున్నాయిరా," అంది నాగూర్‌బీ.

"బంపర్లేంటి ఆపా?"

ఆమె పెరటివైపు చూపించింది. మస్తాన్ వలి వెళ్ళి పందిరి కింద చూశాడు. ఒక బంపరు ఎర్రగా ఉంది, ఇంకోటి సగం బూడిదగా ఉంది. బావ పనిముట్లన్నీ కడిగి వరసగా గోడకి పెట్టి ఉన్నాయి. తిరిగొచ్చి అక్క ఎదురుగా కూర్చున్నాడు.

"ఏడ్చావా ఆపా?"

"లేదు."

"నేను చాలా ఏడ్చాను."

"నువ్వు చిన్నప్పటి నుంచీ అంతేగా," అంది ఆమె.

మళ్ళీ పెట్టె మాట ఎత్తకుండానే అతను సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఖైరున్నీసా, వస్తున్నానని పేరాలకి కార్డు రాయించవద్దులే అన్నది. వాళ్ళిద్దరి మధ్య ఆ విషయం మీద జరిగిన మాట అదొక్కటే.

అలా నాగూర్‌బీ తెనాలిలోనే ఉండిపోయింది. ఆదాము ఊడదీసి తెచ్చేవాడు, అయ్యాక తీసుకెళ్ళి బిగించేవాడు. కార్లవాళ్ళు షుకూర్ ఇంట్లో చేయించామనేవాళ్ళు గానీ నాగూర్‌బీ చేసిందనేవాళ్ళు కాదు. ఆమెకు అది తప్పని తోచలేదు. బంపర్లు తప్ప ఇంకేమీ ఒప్పుకునేది కాదు. వెండి రంగుకి కలపడమంటూ ఉండదు, డబ్బాలోది డబ్బాలోలాగే వెయ్యొచ్చు. తలుపులకీ మడ్గార్డులకీ అయితే కారు రంగుకి సరిపడా కలపాలి. ఆ కన్ను షుకూర్‌ది, నాది కాదని చెప్పి పంపేసేది.

1972లో తమ్ముడి మరదలి పెళ్ళికి రేపల్లె వెళ్ళింది. రైలు దిగి, పెట్టె పట్టుకుని, ప్లాట్‌ఫారం మీద బల్లలన్నీ దాటుకుని బయటికి వచ్చి రిక్షా ఎక్కింది. ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కుంటుంటే అప్పుడు తట్టింది, అతను కూర్చున్నది అక్కడే కదా అని. ఏ బల్లో ఎవరినీ ఎన్నడూ అడగలేదు. తిరుగు ప్రయాణంలో చూద్దామనుకుంది. తీరా స్టేషన్లో పెళ్ళివాళ్ళ మూటలు లెక్కపెట్టుకోవడంలో మర్చిపోయింది.

1975 చలికాలంలో ఖైరున్నీసా పోయింది. వారం రోజుల జ్వరం. చివరి రోజు దాకా కోడలు వండింది తిన్నది. ఆమె పోయాక ఇల్లు పెద్దదైంది. నాగూర్‌బీ మూడు నెలలు ఏ పనీ ఒప్పుకోలేదు. ఆ మూడు నెలలూ ఏం చేసిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. వీధి చివర ఉండే పుల్లమ్మ అనే ఇడ్లీలమ్మే ఆవిడ పొద్దునే నాలుగు ఇడ్లీలు పెట్టి పోయేది. అవి తినేది. సాయంత్రం గుమ్మంలో కూర్చునేది.

మరుసటి ఏడు వేసవిలో ఆదాము ఒక ఫియట్ తలుపు తెచ్చాడు. రేపల్లె డాక్టరుగారిది, ఆకుపచ్చ. తలుపు చెయ్యనని తెలిసీ ఎందుకు తెచ్చావని నాగూర్‌బీ అడిగింది. గుంటూరు తీసుకెళ్ళమంటే అంత దూరం మొయ్యలేకపోయానని ఆదాము అన్నాడు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆమె తలుపు లోపల పెట్టించింది.

పచ్చ కలపడానికి ఆరు రోజులు పట్టింది. పసుపు, నీలం, నలుపు బొట్టు, తెలుపు బొట్టు. రేకు ముక్క మీద పూసి, ఆరాక తలుపు పక్కన పెట్టి ఎండలో చూసేది. మొదటి రోజు గుమ్మడాకులా వచ్చింది. రెండో రోజు మరీ నలుపెక్కింది. మూడో రోజు దగ్గర పడిందనుకుంటే, ఆరాక ముదిరింది. అప్పుడు తెలిసింది, తడిగా ఉన్నప్పుడు ఒక పిసరు లేతగా ఉండాలని. ఆ మాట షుకూర్ ఎన్నడూ అనలేదు, అన్నా ఆమె వినలేదు. ఆరో రోజు మధ్యాహ్నం రేకు ముక్కను తలుపు మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేస్తే రేకు ఎక్కడుందో కనపడలేదు.

ఆదాము తలుపు తీసుకెళ్ళి బిగించి వచ్చి, డాక్టరుగారు కారు చుట్టూ రెండుసార్లు తిరిగి ఏ తలుపో చెప్పమని తననే అడిగారని చెప్పాడు. నాగూర్‌బీ విని తలాడించింది. ఆరు రోజులు కలిపిన రంగులో కొంచెం మిగిలింది. దాన్ని ఒక చిన్న సీసాలో పోసి, బిరడా పెట్టి, పైన కాగితం అంటించి దాని మీద 'రేపల్లె ఫియట్' అని ఆదాము చేత రాయించి గూట్లో పెట్టుకుంది. చేతులు కడుక్కుని అన్నానికి కూర్చుంది. ఆ నెలలోనే ఇంకో రెండు తలుపులు వచ్చాయి. ఆమె కాదనలేదు.